పీహెచ్‌సీ, లేబర్ రూమ్, వార్డు, ఐసీయూ: రోజూ చేతికొచ్చే ఇంజెక్షన్లు, ఆంపిల్ లెక్కలు

కొత్త_స్టాఫ్‌నర్స్
నర్సులు ఎక్కువగా ఇచ్చే మందుల జాబితా కోసం నెట్‌లో వెతికితే అన్నీ అమెరికా పేర్లే. అసిటమినోఫెన్ అంటారు, మన దగ్గర పారాసిటమాల్. పేర్లు కలిసినా ఆంపిల్ సైజులు కలవవు. స్టాఫ్ నర్సు పోస్టింగ్ పీహెచ్‌సీలో పడొచ్చు, ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో పడొచ్చు, మెడికల్ కాలేజీ ఐసీయూలో పడొచ్చు. మన స్టోర్‌లో దొరికే స్ట్రెంగ్త్‌తో, ఎంతలో డైల్యూట్ చేయాలి, ఎంత సేపట్లో ఇవ్వాలి, ఎక్కడ పొరపాటు పడతారు, ఇవి చెప్పగలరా? ఫార్మకాలజీ పుస్తకంలో ఉన్నది వద్దు, చదువుకున్నదే.

వార్డు_నంబర్_7
జనరల్ వార్డుతో మొదలుపెడతా. ఉదయం ట్రేలో ముప్పావు భాగం ఇవే: పాంటోప్రజోల్, ఆన్‌డాన్‌సెట్రాన్, సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్, పారాసిటమాల్, డైక్లోఫెనాక్.

పాంటోప్రజోల్ 40 మి.గ్రా. పొడిని 10 మి.లీ. ఎన్‌ఎస్‌లో (నార్మల్ సెలైన్) కలిపి కనీసం 2 నిమిషాలు తీసుకుని ఇవ్వాలి. ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. అంటే 2 మి.లీ. ఆంపిల్. దీన్ని 5 సెకన్లలో నెట్టేయడం అందరికీ అలవాటు. 2 నుంచి 5 నిమిషాలు పట్టాలి. ఈసీజీలో క్యూటీ (గుండె లయ తప్పే ముప్పును చెప్పే విరామం) ఎక్కువున్నవాళ్లకు, పొటాషియం తక్కువున్నవాళ్లకు ఇచ్చే ముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పాలి.

సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రా. ఐవీ (నరంలోకి) అయితే 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కలిపి 2 నుంచి 4 నిమిషాల్లో ఇవ్వాలి. ఐఎం (కండలోకి) అయితే నొప్పి తగ్గడానికి 1 శాతం లిగ్నోకైన్ 3.5 మి.లీ.తో కలుపుతారు. అలా కలిపినది ఏ పరిస్థితిలోనూ ఐవీలో వెళ్లకూడదు. అందుకే ఐఎం సిరంజిని లోడ్ చేసి ట్రేలో వదిలేయొద్దు, కలిపిన చేయే ఇవ్వాలి. రెండోది, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) ఎక్కుతున్న లైన్‌లో సెఫ్ట్రియాక్సోన్ వేయొద్దు. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది, రెండూ కలిస్తే తెల్లగా గడ్డలు కడతాయి. ఆర్‌ఎల్ ఆపి, ఎన్‌ఎస్‌తో ఫ్లష్ చేసి, ఆ తర్వాతే. నెలలోపు పసికందులకు కాల్షియం డ్రిప్ నడుస్తుంటే వేరే లైన్‌లో కూడా సెఫ్ట్రియాక్సోన్ వద్దు.

పారాసిటమాల్ 100 మి.లీ. బాటిల్‌లో 1 గ్రా. ఉంటుంది, 15 నిమిషాల్లో ఎక్కాలి. పెద్దవాళ్ల విషయంలో పెద్దగా తప్పు జరగదు. పిల్లల విషయంలో ప్రాణం మీదికొస్తుంది. 1 మి.లీ.లో 10 మి.గ్రా. కాబట్టి 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. రాస్తే పోవాల్సింది 15 మి.లీ. కేస్ షీట్‌లో మి.గ్రా.ను మి.లీ.గా చదివితే డోస్ పది రెట్లు. పిల్లలకు బాటిల్ వేలాడదీయకుండా కావలసినంత సిరంజిలోకో బ్యూరెట్‌లోకో తీసుకోవాలి.

డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. లోతుగా ఐఎం, పిరుదు పైభాగంలో బయటివైపు నాలుగో వంతులోనే, వీలైతే వెంట్రోగ్లూటియల్ (తుంటి పక్కభాగం). కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, డెంగీ అనుమానం, ఈ మూడింట్లో ఏదున్నా సూది ఎత్తకముందే అడగాలి.

ఫార్మసీ_కిటికీ
వార్డు సిస్టర్ చెప్పినవి రోజువారీ. నిజంగా ముంచేవి వేరే మూడున్నాయి, మూడూ లేబుల్ చదవకపోవడం వల్లే.

ఇన్సులిన్. మన దేశంలో వయల్ సాధారణంగా మి.లీ.కి 40 యూనిట్లు. పెన్ను కార్ట్రిడ్జ్‌లు, కొన్ని రకాల వయల్స్ మి.లీ.కి 100. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. తిరగేస్తే, 40 వయల్‌ను నారింజ సిరంజితో 10 గీత దాకా తీస్తే వెళ్లేది 4 యూనిట్లే. మొదటిదానికి షుగర్ పడిపోతుంది. రెండోదానికి షుగర్ దిగదు, డాక్టర్ డోస్ పెంచుతూ పోతారు. తర్వాతి షిఫ్ట్ వాళ్లు సరైన సిరంజి వాడిన రోజున పేషెంట్ కోమా. రెండోదే ఎక్కువ మోసం చేస్తుంది.

హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది). 5 మి.లీ. వయలే, కానీ ఒకటి మి.లీ.కి 1000 యూనిట్లు, ఇంకోటి మి.లీ.కి 5000. అంటే ఒక వయల్‌లో మొత్తం 5000, ఇంకోదాంట్లో 25,000. "హెపారిన్ 5000" అని నోటితో ఆర్డర్ చెబితే వయలా, యూనిట్లా, మి.లీ.కి ఎంతా అని తిరిగి అడగాలి.

పొటాషియం క్లోరైడ్. 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంపిల్, 15 శాతం, 20 మిల్లీఈక్వివలెంట్లు. చూడ్డానికి స్టెరైల్ వాటర్ ఆంపిల్‌కు కవల. యాంటీబయాటిక్ పొడి కలపడానికి పొరపాటున ఇది తీసి ఐవీ నెట్టితే గుండె అక్కడికక్కడే ఆగుతుంది. వార్డు ట్రేలో దీనికి చోటే ఇవ్వకండి. వేరే డబ్బా, తాళం, ఎర్ర లేబుల్.

షిఫ్ట్_దుబాయ్
ఇన్సులిన్ గురించి ఒక మాట కలుపుతా. గల్ఫ్‌లో, యూకేలో 40 యూనిట్ల వయల్ అనేదే కనపడదు, అన్నీ 100. ఇక్కణ్నుంచి సెలవులకు వెళ్లేవాళ్లు అమ్మానాన్నలకు ఇన్సులిన్, సిరంజిలు తీసుకెళ్తుంటారు. వయల్ ఒక దేశానిది, సిరంజి ఇంకో దేశానిది అయిందా, పైన బ్రదర్ చెప్పిన రెండున్నర రెట్ల తేడా ఇంట్లోనే జరుగుతుంది. ఓపీలో ఇన్సులిన్ పేషెంట్ వస్తే వయల్, సిరంజి రెండూ సంచిలోంచి తీయించి పక్కపక్కన పెట్టి చూడండి.

లేబర్‌రూమ్_లక్ష్మి
మా గదికి వద్దాం.

ఆక్సిటోసిన్. ఆంపిల్ 1 మి.లీ., 5 యూనిట్లు. బిడ్డ బయటికి వచ్చిన నిమిషంలోపు, కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసుకుని, తల్లికి 10 యూనిట్లు ఐఎం. అంటే రెండు ఆంపిల్స్. ఒక్కటే ఇచ్చి "ఆక్సిటోసిన్ గివెన్" అని రాసేయడం మామూలుగా జరిగే తప్పు. 10 యూనిట్లు ఒకేసారి ఐవీ నెట్టితే బీపీ ధబాల్న పడుతుంది. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. ఎండాకాలం రెండ్రోజులు కిటికీ పక్క ట్రేలో మగ్గిన ఆంపిల్ పని చేయకపోతే తప్పు మందుది కాదు. ప్రసవానికి ముందు నొప్పులు పెంచడానికి ఐఎం ఇవ్వడం నేరంతో సమానం. ఇచ్చాక తగ్గించే దారి లేదు, గర్భసంచి చిట్లుతుంది, బిడ్డకు ఊపిరాడదు. నొప్పుల కోసం డ్రిప్‌లోనే: 500 మి.లీ. ఆర్‌ఎల్‌లో 5 యూనిట్లు వేస్తే మి.లీ.కి 10 మిల్లీయూనిట్లు, 20 చుక్కల సెట్‌లో (మి.లీ.కి 20 చుక్కలు) చుక్కకు అర మిల్లీయూనిట్. నిమిషానికి 8 చుక్కలంటే 4 మిల్లీయూనిట్లు. బాటిల్ మీద ఎన్ని యూనిట్లు కలిపారో, ఎప్పుడు కలిపారో రాసి అంటించండి. ప్రసవం అయ్యాక ఆ బాటిల్‌నే మామూలు ఫ్లూయిడ్ అనుకుని వేగంగా వదిలేయడం ఇంకో తప్పు.

రక్తస్రావం ఆగకపోతే మెథర్జిన్ 0.2 మి.గ్రా. ఐఎం, కానీ బీపీ ఎక్కువున్నా గుండె జబ్బున్నా వద్దు. కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు ఐఎం, ఆస్తమా ఉంటే వద్దు, ఐవీ ఎప్పుడూ వద్దు. ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రా. అంటే 500 మి.గ్రా. ఆంపిల్స్ రెండు, 10 మి.లీ., నిమిషానికి 1 మి.లీ. చొప్పున 10 నిమిషాలు. ప్రసవమైన 3 గంటలలోపే ప్రయోజనం. 30 నిమిషాల తర్వాత కూడా రక్తం పోతుంటే ఇంకో గ్రాము.

బిడ్డకు విటమిన్ కె1, 1 మి.గ్రా. ఐఎం, తొడ బయటివైపు మధ్యలో. 1000 గ్రాముల లోపు బరువుంటే అర మి.గ్రా. తల్లి మందులు, బిడ్డ మందులు ఒకే ట్రేలో పెట్టొద్దు. తల్లికి వేయాల్సిన మెథర్జిన్ విటమిన్ కె అనుకుని పసిబిడ్డకు వేసిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అలాంటి బిడ్డకు ఫిట్స్ వస్తాయి, ఊపిరి ఆగుతుంది.

నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే, 24 నుంచి 34 వారాల మధ్య, డెక్సామెథాసోన్ 6 మి.గ్రా. ఐఎం 12 గంటలకోసారి నాలుగు డోసులు. 2 మి.లీ. వయల్‌లో 8 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 1.5 మి.లీ. తీయాలి. వయల్ మొత్తం వేసేవాళ్లున్నారు.

కొత్త_స్టాఫ్‌నర్స్
అక్కా, గర్భిణులకు ఫిట్స్ రాకుండా, వస్తే ఆపడానికి ఇచ్చే మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) చెప్పలేదు. అసలు దాని లెక్కే తలకెక్కడం లేదు.

లేబర్‌రూమ్_లక్ష్మి
కావాలనే వదిలా, దానికి వేరే పోస్టు కావాలి కాబట్టి.

2 మి.లీ. ఆంపిల్, 50 శాతం, 1 గ్రా. ముందు ఆంపిల్ మీద 50 శాతం అని ఉందో లేదో చదవాలి. 25 శాతమైతే కింది మి.లీ. లెక్కలన్నీ మారిపోతాయి. మొత్తం లోడింగ్ డోస్ (మొదట ఇచ్చే పెద్ద డోస్) 14 గ్రా., 14 ఆంపిల్స్. ఇలా విడదీయండి.

ఐవీ 4 గ్రా.: నాలుగు ఆంపిల్స్, 8 మి.లీ. దానికి 12 మి.లీ. ఎన్‌ఎస్ కలిపితే 20 మి.లీ., 20 శాతం అవుతుంది. నెమ్మదిగా, 10 నిమిషాలకు తగ్గకుండా. డైల్యూట్ చేయకుండా 50 శాతం ఐవీలో వేయకూడదు.

ఐఎం 10 గ్రా.: ఒక్కో పిరుదుకు ఐదు ఆంపిల్స్, 10 మి.లీ., అందులో 2 శాతం లిగ్నోకైన్ 1 మి.లీ. లోతుగా, 22 నంబర్ పొడవు సూదితో. ఇక్కడ డైల్యూట్ చేయరు. ఐవీకి చేయాలి, ఐఎంకి చేయకూడదు. కంగారులో తారుమారయ్యేది ఇదే.

తర్వాత 4 గంటలకోసారి 5 గ్రా. ఐఎం, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ, చివరి ఫిట్ లేదా ప్రసవం, రెండిట్లో ఏది తర్వాతైతే అప్పట్నుంచి 24 గంటలు. ప్రతి డోస్‌కు ముందు మూడు చూడాలి: శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదా, మోకాలి జెర్క్ (తడితే కాలు ఎగరడం) ఉందా, మూత్రం గంటకు 30 మి.లీ.కు తగ్గలేదా. ముందు పోయేది జెర్క్. అది పోయినా డోస్ వేస్తే తర్వాత ఆగేది శ్వాస. మందు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది కాబట్టి మూత్రం రానప్పుడు పేరుకుంటుంది. దీనికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 మి.లీ. మంచం పక్కనే ఉండాలి, స్టోర్‌లో కాదు.

పల్లె_దవాఖాన
మంచిగ చెప్పిండ్రు అక్కా. ఒక్కటి కలుపుతా. సబ్ సెంటర్‌లో ఐవీ జోలికి పోవద్దు. ఏఎన్ఎం ఐఎం 10 గ్రా. వేసి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, ఎంత, ఎన్ని గంటలకు వేసిందో చీటీ మీద రాసి 108లో పంపాలె. ఆ చీటీ లేకుంటే పెద్ద దవాఖానల మళ్లా లోడింగ్ డోస్ పడుతది.

ఇగ మా దగ్గర రోజూ నడిచేవి.

పారాసిటమాల్ సిరప్. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అనుకోండ్రి. 5 మి.లీ.కి 125 ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉన్నదైతే 3 మి.లీ., మి.లీ.కి 100 ఉన్న డ్రాప్స్ అయితే 1.5 మి.లీ. మూడూ ఒకే అల్మారాల ఉంటయి. తల్లికి "ఒక మూత పోయ్" అని చెప్తే డ్రాప్స్ సీసాతోని మూత నింపుతది. సిరంజి ఇచ్చి గీత గీసి చూపాలె.

విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటర్ నీళ్లల్ల ఒకేసారి కలపాలె. గ్లాసుకు చిటికెడు అన్నట్టు కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అయితది. కలిపినది 24 గంటలు. జింక్ 20 మి.గ్రా. 14 దినాలు, 2 నుంచి 6 నెలల బిడ్డకు సగం గోలీ, తల్లిపాలల్ల కరిగించి. విరేచనాలు ఆగినయని మూడోనాడే బంద్ చేస్తరు, ముందే చెప్పాలె.

కుక్కకాటు వ్యాక్సిన్ చర్మంలోకి అయితే 0.1 మి.లీ. రెండు చేతులకు, 0, 3, 7, 28 దినాలు. వయల్ అర మి.లీ.ది అయినా 1 మి.లీ.ది అయినా చర్మంలోకి డోస్ 0.1 మాత్రమే. బుడిప లేవాలె, లేవకుంటే లోపలికి పోయినట్టు, పక్కన మళ్లా వేయాలె. పిరుదుకు ఎప్పుడూ వద్దు. కాటుకు రక్తమొస్తే సీరం (రేబిస్ యాంటీబాడీలు): గుర్రపుది కిలోకు 40 యూనిట్లు, మనిషిది 20. గుర్రపుది మి.లీ.కి 300 యూనిట్లు ఉంటే 60 కిలోల మనిషికి 2400, అంటే 8 మి.లీ. అది గాయం లోపల, చుట్టూ నింపాలె. గాయాలు చాలా ఉండి చాలకపోతే ఎన్‌ఎస్ కలిపి పెంచుకోవచ్చు, సీరం డోస్ మాత్రం పెంచొద్దు. వీటన్నింటికన్నా ముందు సబ్బుతో 15 నిమిషాలు కడుగుడు.

వార్డు_నంబర్_7
పాముకాటు మందుకు టెస్ట్ డోస్ వేయాలా? కొన్నిచోట్ల చర్మం కింద వేసి అరగంట చూస్తారు.

పల్లె_దవాఖాన
వద్దు. టెస్ట్ డోస్‌తోని రియాక్షన్ ఎవరికొస్తదో తెల్వదు, అరగంట మాత్రం పోతది. జాతీయ మార్గదర్శకాలు కూడా వద్దన్నయి. బదులుగా అడ్రినలిన్ 0.5 మి.లీ. సిరంజిలోకి తీసి, లేబుల్ రాసి, పక్కన పెట్టుకోవాలె.

విషం ఎక్కిన గుర్తులుంటే ఏఎస్‌వీ (పాము విషం విరుగుడు) 10 వయల్స్‌తో మొదలు. ఒక్కోదాంట్లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి రెండు చేతుల మధ్య తిప్పాలె, గట్టిగ ఊపొద్దు, నురుగు వస్తే కరిగిందో లేదో కానరాదు. ఎన్‌ఎస్‌లో కలిపి గంటల ఎక్కించాలె. మొదటి 10-15 నిమిషాలు నెమ్మదిగ, మంచం పక్కన నిలబడి. దురద, దద్దుర్లు, వాంతి, వణుకు, ఏది కనిపించినా డ్రిప్ ఆపి, అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడకు ఐఎం. పిల్లలకు అడ్రినలిన్ తగ్గుతది, కిలోకు 0.01 మి.గ్రా. ఏఎస్‌వీ మాత్రం తగ్గదు, పాము బిడ్డను చూసి తక్కువ విషం కక్కదు కదా. తగ్గేది ఫ్లూయిడ్ మాత్రమే.

రక్తం గడ్డకట్టే పరీక్షకు 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంల 20 నిమిషాలు కదపకుండా. ప్లాస్టిక్ గొట్టమైతే పనికిరాదు, సబ్బుతోని కడిగినదైతే తప్పు చెప్తది. గడ్డకట్టే లోపమే ఉంటే ఏఎస్‌వీ తర్వాత 6 గంటలకు మళ్లా చూస్తరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికే మన ఏఎస్‌వీ.

క్యాజువాలిటీ_గేటు
పాము తర్వాత పురుగుల మందు తాగిన కేసు. పత్తి, మిర్చి జిల్లాల్లో ఇది లేని వారం ఉండదు. అట్రోపిన్ ఆంపిల్ 1 మి.లీ., 0.6 మి.గ్రా. వార్డుల్లో ఒకటో రెండో వాడిన చేతికి ఇక్కడి డోస్ చూస్తే భయమేస్తుంది. మొదటిసారి 1.8 నుంచి 3 మి.గ్రా., మూడు నుంచి ఐదు ఆంపిల్స్ ఐవీ. 5 నిమిషాలకు చూసి, తగ్గకపోతే రెట్టింపు. మళ్లీ 5 నిమిషాలకు రెట్టింపు. 5, 10, 20 అని పోతుంది. ఆంపిల్స్ విరిచే మనిషి ఒకరు, ఇచ్చేవాళ్లు ఒకరు, టైం రాసేవాళ్లు ఒకరు ఉండాలి.

వార్డు_నంబర్_7
కనుపాపలు పూర్తిగా పెద్దవయ్యి, పల్స్ 140 వచ్చేదాకా అనే కదా లెక్క?

క్యాజువాలిటీ_గేటు
కాదు, పాత పద్ధతి అది, దానివల్లే అట్రోపిన్ ఎక్కువై పోతారు. ముఖ్యం ఛాతీ. ఊపిరితిత్తుల్లో గురగుర పోవాలి. దాంతోపాటు పల్స్ 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిగా ఉండాలి, పాపలు సూదిమొనలా ఉండకూడదు. పాపలు ఆలస్యంగా మారతాయి, వాటికోసం ఆగొద్దు. ఇంకో చిక్కు: వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఒక పక్కే గురగుర వినిపిస్తుంది, దానికి అట్రోపిన్ పెంచితే లాభం లేదు.

అదుపులోకి వచ్చాక, అప్పటిదాకా పట్టిన మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటకు డ్రిప్. ఉదాహరణకు 18 మి.గ్రా. పడితే గంటకు 1.8 నుంచి 3.6, అంటే 3 నుంచి 6 ఆంపిల్స్. పేషెంట్ మంచం దిగి పారిపోబోతున్నా, ఒళ్లు కాలుతున్నా, పొట్ట శబ్దాలు లేకున్నా, మూత్రం ఆగిపోయినా అది ఎక్కువైన గుర్తు. కట్లు కట్టి ఊరుకోకుండా డాక్టర్‌ను పిలిచి డ్రిప్ ఆపించాలి. రాత్రి రెండింటికి ఆగిన డ్రిప్‌ను ఉదయం దాకా ఎవరూ చూడకపోతే గురగుర మళ్లీ మొదలవుతుంది, ఇదీ అంతే ప్రమాదం. ప్రాలిడాక్సిమ్ (ఇంకో విరుగుడు) రాస్తే కిలోకు 30 మి.గ్రా. లోడింగ్‌ను 20 నుంచి 30 నిమిషాల్లో ఇవ్వాలి, నెట్టకూడదు.

డబ్బా తెమ్మని బంధువులకు చెప్పండి. గడ్డి మందు పారాక్వాట్ అయితే అట్రోపిన్ పనిలేదు. ఆక్సిజన్ కూడా అలవాటుగా పెట్టొద్దు, ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. శాచ్యురేషన్ బాగా పడిపోయి డాక్టర్ చెబితేనే.

ఐసీయూ_నైట్
మా దగ్గర మందులు తక్కువే, లెక్కలు ఎక్కువ.

నార్అడ్రినలిన్ (బీపీ పెంచే మందు) ఆంపిల్ మీద బేస్‌గా (అసలు మందు) రాశారా, బైటార్ట్రేట్‌గా (దాని లవణం) రాశారా చూడాలి. 2 మి.గ్రా. బైటార్ట్రేట్ అంటే 1 మి.గ్రా. బేస్. కంపెనీ మారిన రోజు బీపీ కారణం లేకుండా పైకో కిందికో పోతే ముందు ఆంపిల్ చూడండి. ఆ లైన్‌లో వేరే ఏ ఇంజెక్షనూ వేయొద్దు, ఫ్లష్ చేయొద్దు. గొట్టంలో ఉన్న మందంతా ఒక్కసారి లోపలికి పోతుంది. సిరంజి అయిపోయాక కొత్తది కలపడం కాదు, ఇంకా 5 మి.లీ. ఉండగానే రెండోది సిద్ధం.

ఇన్సులిన్ డ్రిప్‌కు 40 యూనిట్ల వయల్ నుంచి 1 మి.లీ. తీసి 39 మి.లీ. ఎన్‌ఎస్ కలిపితే మి.లీ.కి 1 యూనిట్. తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇన్సులిన్ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది కాబట్టి లైన్‌లోంచి కొంత బయటికి వదిలి ఆ తర్వాత కలపాలి.

పొటాషియం మామూలు లైన్‌లో గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు దాటకూడదు. వేలాడుతున్న బాటిల్‌లో ఆంపిల్ గుచ్చితే మందు అడుగుకు చేరి, మొదటి కాసేపట్లోనే మొత్తం పోతుంది. బాటిల్ దించి, కలిపి, పది సార్లు తిప్పి, లేబుల్ అంటించి అప్పుడు వేలాడదీయాలి.

ఫెనిటాయిన్‌కు (ఫిట్స్ మందు) ఎన్‌ఎస్ మాత్రమే, డెక్స్‌ట్రోజ్‌లో గింజలు కడుతుంది. నిమిషానికి 50 మి.గ్రా. దాటొద్దు, కాబట్టి 1 గ్రా.కు కనీసం 20 నిమిషాలు, మానిటర్ మీద. వాంకోమైసిన్ 1 గ్రా.కు కనీసం 200 మి.లీ., గంట. వేగంగా పోతే ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది. అలర్జీ అని మందు మార్చేస్తారు, నిజానికి చుక్కలు తగ్గిస్తే చాలు.

హోమ్‌కేర్_సిస్టర్
ఇళ్లకు వెళ్లే వాళ్లకోసం కొంచెం. ముక్కు గొట్టంలో వేయడానికి పాంటోప్రజోల్ మాత్ర, ఎస్ఆర్ (మెల్లగా విడుదలయ్యేది) అని రాసిన మాత్ర నూరొద్దు. పైపూత పోతే మొదటిది కడుపులోనే చెడిపోతుంది, రెండోది పన్నెండు గంటల మందు ఒక్కసారే దిగుతుంది. ఫెంటానిల్ ప్యాచ్ 72 గంటలు, కత్తిరించొద్దు, దానిమీద వేడి కాపడం పెట్టొద్దు, కొత్తది అంటించే ముందు పాతది తీశారా అని వీపు కూడా చూడండి. మార్ఫిన్ మొదలైన రోజునే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఉండాలి, లేకపోతే అడగండి.

కొత్త_స్టాఫ్‌నర్స్
మొత్తం నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఒకటే సందేహం. మాగ్‌సల్ఫ్ 50 శాతం బదులు 25 శాతం, 2 మి.లీ. ఆంపిల్స్ మాత్రమే స్టాక్ ఉంటే ఐవీ 4 గ్రా. ఎలా?

లేబర్‌రూమ్_లక్ష్మి
ఆంపిల్‌కు అర గ్రాము. 4 గ్రా.కు ఎనిమిది ఆంపిల్స్, 16 మి.లీ., దానికి 4 మి.లీ. ఎన్‌ఎస్ కలిపితే అదే 20 మి.లీ., అదే 20 శాతం. ఐఎంకి మాత్రం ఒక్కో పక్క 20 మి.లీ. అవుతుంది, అంత పట్టదు. డాక్టర్‌కు చెప్పి ఐవీ డ్రిప్ పద్ధతికి మార్చాలి, లేదా పక్క పీహెచ్‌సీ నుంచి 50 శాతం తెప్పించాలి. ఇండెంట్‌లో ఉత్త "మాగ్‌సల్ఫ్" అని కాకుండా "50 శాతం, 2 మి.లీ., 1 గ్రా." అని రాయండి.

ఫార్మసీ_కిటికీ
అలా రాస్తేనే మేం కూడా సరిగ్గా ఇస్తాం సిస్టర్.